బావ పాత ఫోన్‌లో దొరికిన పోకర్ లెక్క: యాప్‌లు కొత్తవాళ్లనీ ముదుర్లనీ ఒకే టేబుల్ మీద ఎలా నడిపాయి?

పోయిన నెల మా బావ తన పాత ఫోన్ తెచ్చి నా ముందు పెట్టాడు. "ఇందులో ఉన్నదంతా కొత్తదాంట్లోకి ఎక్కించేసి, దీన్ని ఫార్మాట్ కొట్టెయ్ రా" అన్నాడు. రావులపాలెంలో అరటి గెలల వ్యాపారం ఆయనది. ఆ ఫోన్ 2019లో నేనే దగ్గరుండి కొనిపించాను. పెద్ద స్క్రీన్, పెద్ద బ్యాటరీ, పద్నాలుగు వేల లోపు బడ్జెట్. రోజంతా మార్కెట్‌లో తిరిగే మనిషికి ఇంతకంటే మంచి ఫోన్ లేదని గట్టిగా చెప్పింది కూడా నేనే.

ఫొటోలు అయ్యాయి, కాంటాక్టులు అయ్యాయి. ఎస్సెమ్మెస్‌ల బ్యాకప్ తీస్తుంటే ఒకే సెండర్ ఐడీ నుంచి వందల మెసేజ్‌లు కనిపించాయి. "మీ సీటు రెడీగా ఉంది." "ఈ రాత్రికి మాత్రమే ₹500 బోనస్." "అభినందనలు, మీరు ఇప్పుడు వీఐపీ." మధ్యమధ్యలో బ్యాంకు డెబిట్ మెసేజ్‌లు.. ₹500, ₹1,000, ₹2,000, మళ్లీ ₹2,000.

బావ పోకర్ ఆడాడని మాకు తెలుసు. ఎంత పోయిందో తెలీదు. అడిగితే "మార్కెట్‌లో రూపాయికి రూపాయి లెక్క రాస్తాను కదరా, దానికి మాత్రం రాయలేదు" అన్నాడు. నేను ఎస్సెమ్మెస్‌లన్నీ ఒక షీట్‌లోకి లాగి కూడాను. 2019 జూలై నుంచి 2020 డిసెంబర్ వరకు డిపాజిట్లు ₹3,86,500. తిరిగి బ్యాంకులో పడింది ₹52,000. అంటే పోయింది ₹3,34,500.

ఆ అంకె చూశాక ఒక ప్రశ్న వదల్లేదు. ఈ డబ్బు ఎవరికి పోయింది? ఎదురుగా కూర్చున్న ఆటగాళ్లకా, యాప్‌కా? ఏ నిష్పత్తిలో? మనం యాప్‌లు రివ్యూ చేసేవాళ్లం కదా, ఏ బటన్ ఎందుకు అక్కడ పెట్టారో చూడటం మన పని. ఈసారి అదే పని ఈ యాప్ మీద చేశాను. యాప్ పేరు రాయడం లేదు. దాని రకం వాటిలో చాలావరకు ఇదే పద్ధతి కాబట్టి పేరుతో పనీ లేదు.

ఇన్‌స్టాల్ చేసుకోండి అని చెప్పే ఆర్టికల్ కాదిది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధిస్తూ చేసిన చట్టం పార్లమెంట్‌లో 2025 ఆగస్ట్ 20, 21 తేదీల్లో పాసై, 22న రాష్ట్రపతి సంతకం పడింది. స్కిల్ గేమా, ఛాన్స్ గేమా అన్న తేడా అందులో లేదు. పోకర్, రమ్మీ, ఫాంటసీ అన్నీ ఒకే గాటన కట్టేశారు. పెద్ద కంపెనీలు ఆ వారంలోనే డబ్బు ఆటలు ఆపేశాయి. మన దగ్గర అయితే అంతకు ఐదేళ్ల ముందే, 2020 సెప్టెంబర్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్స్‌తో 1974 నాటి గేమింగ్ చట్టాన్ని మార్చి ఆన్‌లైన్ రమ్మీ, పోకర్‌లను ఆపింది. తెలంగాణ అయితే 2017లోనే.

టేబుల్ మీద చెయ్యి తడుపుకునేది ఎవరు

మన గోదావరి జిల్లాల్లో పేకాట అంటే పదమూడు ముక్కల రమ్మీయే. కాకపోతే సంక్రాంతికి బరుల పక్కన మూడు ముక్కలాట, గుండాట. పోకర్ ఇంజినీరింగ్ కాలేజీల నుంచి, గోవా ట్రిప్పుల నుంచి, చివరికి ఫోన్‌లోంచి వచ్చింది. కానీ లోపలి ఏర్పాటు మనకి కొత్తది కాదు. కోడి ఏది గెలిచినా బరి పెట్టినవాడికి వాటా ఉంటుంది. పోకర్‌లో ఆ వాటా పేరు రేక్. ప్రతి ఆటలో మధ్యలో పోగైన డబ్బులోంచి (దాన్ని పాట్ అంటారు) సైట్ కొంత తీసుకుంటుంది. మామూలుగా 5 శాతం చుట్టుపక్కల, ఒక గరిష్ఠ పరిమితితో.

5 శాతమే కదా అనిపిస్తుంది. ఒక చిన్న లెక్క వేద్దాం. ఆరుగురు కూర్చున్నారు, ఒక్కొక్కరి దగ్గర ₹1,000. సగటు పాట్ ₹100, రేక్ ₹5. క్లబ్బులో చేత్తో ముక్కలు పంచితే గంటకి పాతిక, ముప్ఫై ఆటలు పడతాయి. ఫోన్‌లో కలపడం, పంచడం అన్నీ క్షణాల్లో అయిపోతాయి కాబట్టి గంటకి 70 వేసుకోండి. గంటకి ₹350 రేక్. ఆరుగురూ సమానమైన ఆటగాళ్లైనా, ఎవరూ ఎవరినీ ఓడించలేకపోయినా, దాదాపు 17 గంటల్లో టేబుల్ మీదున్న ₹6,000 మొత్తం సైట్ జేబులోకి వెళ్లిపోతుంది. ఎవరూ ఓడిపోలేదు, కానీ అందరి డబ్బూ అయిపోయింది.

ఆసక్తికరమైన సంగతి ఏంటంటే ఈ "వాటా" గురించి మన సుప్రీంకోర్టు 1967లోనే మాట్లాడింది. సికింద్రాబాద్‌లోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్ మీద జరిగిన పోలీసు దాడి కేసు అది, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం వర్సెస్ కె. సత్యనారాయణ. రమ్మీ ప్రధానంగా నైపుణ్యం మీద ఆధారపడిన ఆట అని అందులో తేల్చారు. ఆన్‌లైన్ కంపెనీలన్నీ యాభై ఏళ్ల తర్వాత ఆ వాక్యాన్నే పట్టుకుని వ్యాపారం నడిపాయి. అదే తీర్పులో ఇంకో మాట కూడా ఉంది. ఆట నుంచి క్లబ్బు యజమాని లాభం చేసుకుంటుంటే అప్పుడు నేరం కావచ్చు అని. ఆ రెండో మాట యాడ్స్‌లో ఎప్పుడూ వినపడలేదు.

శీలావతి, కొర్రమీను

పోకర్‌లో బలహీనమైన ఆటగాణ్ణి "ఫిష్" అంటారు, ప్రపంచం మొత్తం మీద. సైట్లు నడిపేవాళ్లు, ఆ రంగం గురించి రాసేవాళ్లు దీన్ని "పోకర్ ఎకాలజీ" అని కూడా అంటారు. ఆ మాట మొదటిసారి చదివినప్పుడు నాకు ఆకివీడు వైపు చెరువులే గుర్తొచ్చాయి. శీలావతి, బొచ్చె వేసిన చెరువులోకి కొర్రమీను దూరిందంటే రైతు ఊరుకోడు. పిల్లల్ని తినేస్తుంది, పట్టుబడి నాటికి చెరువు ఖాళీ అవుతుంది.

పోకర్ సైట్‌లో శీలావతి అంటే మా బావ లాంటివాళ్లు. పని అయ్యాక గంటో రెండు గంటలో సరదాగా ఆడి, జీతంలోంచో వ్యాపారంలోంచో డబ్బు వేసేవాళ్లు. కొర్రమీను అంటే రెగ్యులర్లు. నెలకి లక్ష ఆటలు ఆడేవాళ్లు, దాన్నే ఉద్యోగంగా చేసుకున్నవాళ్లు. కొత్త డబ్బు లోపలికి తెచ్చేది మొదటివాళ్లు. దాన్ని బయటికి తీసుకుపోయేది రెండోవాళ్లు. మధ్యలో రేక్ సైట్‌కి.

మరి కొర్రమీనుల్ని ఏరి గట్టు మీద పడేయొచ్చు కదా? కుదరదు. చెరువు రైతుకీ పోకర్ సైట్‌కీ తేడా ఇక్కడే. బావకి రాత్రి పదకొండున్నరకి ఆడాలనిపించి యాప్ తెరిచాడు అనుకోండి. టేబుల్ దగ్గర ఎవరూ లేకపోతే మూసేసి పడుకుంటాడు. ఆయన ఎప్పుడు తెరిచినా ఎదురుగా ఐదుగురు కూర్చుని ఉండాలి. ఆ కూర్చునే పని చేసేది రెగ్యులర్లే. పైగా రేక్ లెక్కల్లో వాళ్లే పెద్ద కస్టమర్లుగా కనిపిస్తారు. పైన చెప్పిన టేబుల్‌లో ఒక్కొక్కరి వాటా ఆటకి సుమారు 83 పైసలు. నాలుగు టేబుళ్లు ఒకేసారి ఎనిమిది గంటలు ఆడేవాడు రోజుకి 2,240 ఆటలు ఆడతాడు, అంటే ₹1,800 పైనే రేక్ కడతాడు. కాకపోతే ఆ డబ్బు అతని సొంతది కాదు, బావ దగ్గర గెలిచినది.

భీమవరం కుర్రాడు ఒకతను నాకు తెలుసు. ఇంజినీరింగ్ అయ్యాక బెంగళూరులో ఉండి మూడేళ్లు ఇదే పని చేశాడు. ల్యాప్‌టాప్‌కి పెద్ద మానిటర్ తగిలించి ఆరు టేబుళ్లు. "టేబుల్ మీద నేను గెలిచేది సున్నాకి కాస్త అటూఇటూగా ఉండేదండి. నేను బతికింది రేక్‌బ్యాక్ మీద" అన్నాడు. కట్టిన రేక్‌లో కొంత శాతాన్ని రివార్డుగా సైట్ వెనక్కి ఇవ్వడాన్నే రేక్‌బ్యాక్ అంటారు. "ఒక రకంగా నేను వాళ్ల దగ్గర నైట్ డ్యూటీ చేశానండి, లైట్లు వేసి ఉంచే డ్యూటీ" అని నవ్వాడు.

పీసీలో ఉన్నవాడు చూసేది, ఫోన్‌లో ఉన్నవాడు చూసేది

ఇక్కడ మన సబ్జెక్ట్ వస్తుంది. ఒకే టేబుల్, కానీ ఇద్దరి స్క్రీన్లు ఒకటి కావు.

పోకర్‌ట్రాకర్, హోల్డెమ్ మేనేజర్ లాంటి సాఫ్ట్‌వేర్‌లు ఆడిన ప్రతి ఆటనీ డేటాబేస్‌లో దాచి, ఎదుటివాడి పేరు పక్కనే అంకెలు చూపిస్తాయి. దీన్ని హడ్ అంటారు. అందులో మొదటి అంకె వీపీఐపీ, అంటే వందలో ఎన్నిసార్లు తనంతట తాను డబ్బు పెట్టి ఆటలోకి దిగుతున్నాడు అని. ఆరుగురి టేబుల్‌లో గట్టి ఆటగాడికి అది పాతిక లోపు ఉంటుంది. ఏ ముక్కలొచ్చినా దిగిపోయేవాడికి యాభై దాటుతుంది. బావది కచ్చితంగా యాభై పైనే, ఆయన కొబ్బరికాయ ఇస్తే కూడా కాల్ చేసే రకం. హడ్ ఉన్నవాడికి ఆ సంగతి ఒకే సిట్టింగ్‌లో అంకెల్లో కనిపించేస్తుంది. బావకి కనిపించేది ఒక గుండ్రటి బొమ్మ, ఒక పేరు.

అంతకంటే ఘోరమైనవి సీటింగ్ స్క్రిప్టులు. బలహీనుడు ఏ టేబుల్ ఎక్కాడో కనిపెట్టి, క్షణంలో అతని ఎడమ పక్క సీటు పట్టేసే ప్రోగ్రామ్‌లు. ఎడమ పక్కే ఎందుకంటే పోకర్‌లో వంతు అటువైపు తిరుగుతుంది. ముందు అతను ఏం చేశాడో చూసి మనం ఆడొచ్చు. బావ సీట్లో కూర్చోగానే టేబుల్ నిండిపోవడం, లేవగానే ఆట ఆగిపోవడం.. ఆయన దీన్ని "నేను వెళ్తే టేబుల్‌కి కళ వచ్చేదిరా" అని చెప్పాడు. నాకు ఏం అనాలో తోచలేదు.

ఈ తేడా ఇలాగే వదిలేస్తే ఏమవుతుందో సైట్లకి బాగా తెలుసు. 2003లో క్రిస్ మనీమేకర్ అనే అకౌంటెంట్ ఆన్‌లైన్‌లో చిన్న టోర్నమెంట్ గెలిచి, అక్కడి నుంచి వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ మెయిన్ ఈవెంట్‌కి వెళ్లి 25 లక్షల డాలర్లు కొట్టాడు. ఆ ఊపులో లక్షలమంది సరదా ఆటగాళ్లు ఆన్‌లైన్‌కి వచ్చారు. పదేళ్లు తిరిగేసరికి వాళ్లలో చాలామంది డబ్బు అయిపోయి వెళ్లిపోయారు, మిగిలినవాళ్లు ఒకళ్లనొకళ్లు చూసుకుంటూ కూర్చున్నారు. అప్పుడు మొదలైంది అసలు డిజైన్ పని.

బోడాగ్ 2011 చివర్లో టేబుళ్ల మీద పేర్లే తీసేసింది. సీటు నంబర్ తప్ప ఏమీ కనపడదు, హడ్‌కి పట్టుకోవడానికి ఏమీ లేదు. యూనిబెట్ 2014లో మైక్రోగేమింగ్ నెట్‌వర్క్ వదిలేసి సొంత సాఫ్ట్‌వేర్‌తో వచ్చింది. అందులో పేరు మార్చుకుంటూ ఉండొచ్చు, హడ్ పనిచేయదు. ఫుల్ టిల్ట్ 2015లో ఇద్దరే ఆడే క్యాష్ టేబుళ్లనీ, టేబుల్ ఎంచుకునే సదుపాయాన్నీ ఎత్తేసింది. ఏ లెవెల్ ఆడాలో చెప్పు, ఎక్కడ కూర్చోవాలో మేం చెప్తాం అనే పద్ధతి. పార్టీపోకర్ 2019లో హడ్‌లు ఆపి, ఆటల రికార్డు డౌన్‌లోడ్ చేసుకోవడం కూడా ఆపేసింది. పోకర్‌స్టార్స్ 2014లో స్పిన్ అండ్ గో తెచ్చింది. ముగ్గురే ఆటగాళ్లు, ప్రైజ్ ఎంతో చక్రం తిప్పి తేలుస్తారు, కొన్ని నిమిషాల్లో ఆట ముగుస్తుంది. అంత చిన్న ఆటలో అదృష్టం పాలు ఎక్కువ కాబట్టి కొత్తవాడు కూడా తరచుగా గెలుస్తాడు. ఫోన్‌కి అచ్చంగా సరిపోయిన ఫార్మాట్, టీ తాగేలోపు అయిపోతుంది.

అన్నిటికంటే పెద్ద గొడవ జరిగింది పోకర్‌స్టార్స్ రివార్డుల దగ్గర. సూపర్‌నోవా ఎలైట్ అని ఒక లెవెల్ ఉండేది. ఏడాదిలో పది లక్షల పాయింట్లు తెచ్చుకుంటే కట్టిన రేక్‌లో సగానికి పైగా వెనక్కి వచ్చేది. దాని కోసం ఏడాదంతా రోజుకి పది పన్నెండు గంటలు ఆడి, వచ్చే ఏడాది కూడా ఆ లెవెల్ ప్రయోజనాలు ఉంటాయని లెక్కేసుకున్నవాళ్లు చాలామంది. 2015 నవంబర్‌లో, ఏడాది ఇంకో రెండు నెలల్లో అయిపోతుందనగా, కంపెనీ ఆ లెవెల్‌ని ఎత్తేస్తున్నట్టు చెప్పింది. డిసెంబర్ 1 నుంచి 3 వరకు రెగ్యులర్లు టేబుల్ ఎక్కకుండా సమ్మె చేశారు. కంపెనీ దిగిరాలేదు. మాట తప్పడం తప్పే అని నా అభిప్రాయం, ఆ నిర్ణయం వెనక లెక్క సరైనదే అయినా సరే.

తర్వాత వచ్చిన జీజీపోకర్ ఇంకో అడుగు వేసింది. అందరికీ ఒకే రేక్‌బ్యాక్ కాదు. పీవీఐ అని ప్రతి ఆటగాడికీ లోపల ఒక విలువ కడతారు. గెలిచి డబ్బు బయటికి పట్టుకెళ్లే ఆటగాడికి రివార్డు పాయింట్లు తక్కువగా వస్తాయి. ఆ రివార్డు పథకానికి పెట్టిన పేరు "ఫిష్ బఫే". పేరు పెట్టినవాడి ధైర్యానికి మెచ్చుకోవాలి.

మరి ఇవన్నీ బావలాంటివాళ్లని కాపాడటానికేనా?

నేనూ మొదట అలాగే అనుకున్నాను. పేర్లు దాచారు, హడ్ ఆపారు, వేటగాళ్లకి రివార్డు తగ్గించారు. అంటే చిన్నవాడి పక్షమే కదా అని. బావ ఫోన్‌లో నెలవారీ స్టేట్‌మెంట్ మెయిల్స్ చూశాక ఆ అభిప్రాయం మారింది.

ఆయన వీఐపీ పాయింట్లు మొత్తం 12,900. ఆ యాప్‌లో ₹10 రేక్‌కి ఒక పాయింట్. అంటే పద్దెనిమిది నెలల్లో బావ కట్టిన రేక్ ₹1,29,000. బోనస్‌లు పక్కన పెడితే మిగతా ₹2,05,500 ఎదుటి ఆటగాళ్లకి వెళ్లింది. పోయినదాంట్లో ఐదింట రెండు వంతులు సైట్‌కి, మూడు వంతులు ముదుర్లకి.

ఇప్పుడు సైట్ వైపు నుంచి చూడండి. ఆ ₹2,05,500 వాళ్లకి జారిపోయిన సొమ్ము. అందులో కొంత రెగ్యులర్లు మళ్లీ రేక్‌గా కడతారు, మిగతాది బ్యాంకుకి వెళ్లిపోతుంది. అదే బావ ఎదురుగా బావలాంటివాళ్లే ఐదుగురు కూర్చుని ఉంటే? డబ్బు అటూ ఇటూ తిరుగుతూ, ఇంకా ఎక్కువ రాత్రులు, ఇంకా ఎక్కువ ఆటలు నడిచి, చాలావరకు రేక్‌లోకే చేరేది. పేర్లు దాచినా, సీట్లు తానే కేటాయించినా, రివార్డులు మార్చినా అన్నీ ఆ దిశలోనే. ఆ యాప్‌లో బావ డబ్బు పోకుండా ఆపే ఫీచర్ నాకు దాదాపు కనపడలేదు. పోయేది ఎవరికి పోవాలి, ఎంత నెమ్మదిగా పోవాలి అన్నదానికి మాత్రం చాలా ఫీచర్లు ఉన్నాయి. చెరువులో ఏరేటర్ తిప్పేది చేప హాయిగా ఉండాలనే, కానీ పట్టుబడి రోజు వరకే.

వీఐపీ లెవెల్ కూడా అంతే. బావకి ఆ మెసేజ్ వచ్చిన నెలలో ఆయన పోగొట్టుకున్నది ₹41,000. గెలిచినందుకు కాదు, రేక్ కట్టినందుకు వీఐపీ. ఆయన మాత్రం ఆ స్క్రీన్‌షాట్ తీసి దాచుకున్నాడు. గ్యాలరీలో మా మేనకోడలు పుట్టినరోజు ఫొటోల మధ్యలో ఉంది అది.

యూఐ సంగతి కూడా చెప్పాలి కదా. మెయిల్స్‌లోని స్క్రీన్‌షాట్లు, బావ చెప్పినవి కలిపి చూస్తే.. డబ్బు వేసే బటన్ ప్రతి స్క్రీన్ మీదా, పచ్చరంగులో, ఒక్క ట్యాప్ దూరంలో. విత్‌డ్రా మెనూలో నాలుగు అడుగులు లోపల. విత్‌డ్రా రిక్వెస్ట్ పెట్టాక డబ్బు బ్యాంకుకి వెళ్లేలోపు దాన్ని రద్దు చేసి మళ్లీ టేబుల్ మీదకి తెచ్చుకునే ఆప్షన్ ఉంది, అది మాత్రం హోమ్ స్క్రీన్ మీదే. ఈ రాత్రి ఎంత గెలిచావో చెప్పే పాప్-అప్ ఉంది. మొదటి నుంచి ఇప్పటిదాకా మొత్తం ఎంత పోయిందో చెప్పే అంకె ఎక్కడా లేదు. డేటాబేస్‌లో ఉంటుంది, సందేహం లేదు. స్క్రీన్ మీద లేదు. డిపాజిట్ లిమిట్ పెట్టుకునే సదుపాయం సెట్టింగ్స్‌లో ఉందట, బావకి అది ఉన్నట్టే తెలీదు. ఒక ఫోన్ కంపెనీ బ్యాటరీ శాతం చూపించకుండా ఫోన్ అమ్మితే మనం ఎన్ని మార్కులు వేస్తాం?

వంతెన దాటితే వేరే రాష్ట్రం

2020 సెప్టెంబర్ తర్వాత యాప్ తెరిస్తే "మీ రాష్ట్రంలో ఈ సేవ అందుబాటులో లేదు" అని వచ్చేది. ఆడినవాళ్లకి కూడా ఆరు నెలల దాకా జైలు అని ప్రభుత్వం అప్పట్లో చెప్పింది. అక్టోబర్‌లో అప్పటి ముఖ్యమంత్రి జగన్మోహన్ రెడ్డి 132 సైట్లు, యాప్‌లను ఆపించమని కేంద్రానికి ఉత్తరం రాశారు. మా అక్క ఊపిరి పీల్చుకుంది.

కానీ ఫోన్‌కి రాష్ట్రం అంటే జీపీఎస్ చుక్క. అమలాపురం దాటి, ముమ్మిడివరం మీదుగా యెదుర్లంక వెళ్లి, బాలయోగి వారధి ఎక్కి గౌతమి దాటితే యానాం. పుదుచ్చేరి కింద ఉంటుంది, ఆంధ్రా చట్టం అక్కడ వర్తించదు. రావులపాలెం నుంచి బండి మీద గంటన్నర. బావ ఆ నవంబర్, డిసెంబర్ నెలల్లో వారానికి రెండుసార్లు యానాం వెళ్లాడు. యానాం అంటే మన వైపు ఇళ్లల్లో వచ్చే అనుమానం ఒకటే కదా, మా అక్క అదే అనుకుని రాత్రి రాగానే నోరు వాసన చూసేది. వాసన రాకపోతే నెమ్మదించేది.

ఒకసారి వంతెన అవతలి చివర ఆగి చూస్తే యాప్ తెరుచుకోలేదట. ఫోన్ లొకేషన్ అంటే శాటిలైట్ ఒక్కటే కాదు, చుట్టుపక్కల టవర్లనీ వైఫైనీ కూడా లెక్కలోకి తీసుకుంటుంది. నది ఇవతలి టవర్ పట్టుకుంటే మనం యానాంలో ఉన్నా చుక్క యెదుర్లంకలో కనపడొచ్చు. "ఇంకో కిలోమీటర్ లోపలికి వెళ్లి బీచ్ రోడ్డులో కూర్చున్నాను రా, అప్పుడు వచ్చింది" అన్నాడు. చెప్తూ చెప్తూ ఆగిపోయాడు. రాత్రిపూట, డిసెంబర్ చలిలో, గోదావరి ఒడ్డున ఒక బెంచీ మీద, చేతిలో ఫోన్. ఆ రెండు నెలల డెబిట్లు ₹64,000. అంతకుముందు ఏ రెండు నెలల్లోనూ అంత లేదు. అంత దూరం వచ్చాక ఊరికే వెళ్లబుద్ధి కాదు కదా అని ఆయన మాట.

ఆ వారాల్లో కూడా యాప్ నుంచి మెసేజ్‌లు ఆగలేదు. "మిమ్మల్ని మిస్ అవుతున్నాం" అని ఒకటి, ₹1,000 బోనస్‌తో. పంపిన మెషీన్‌కి బావ పాత చిరునామా రావులపాలెం అని తెలుసు.

ఆయన్ని ఆపింది చట్టమూ కాదు, యాప్‌లోని లిమిట్టూ కాదు. 2021 సంక్రాంతికి గెలల అడ్వాన్స్ ఇవ్వడానికి డబ్బు లేక మా నాన్న దగ్గరికి వచ్చాడు. ఆ రోజు బయటపడింది.

ఇప్పుడు

తర్వాతి ఏళ్లలో లెక్కలు ఇంకా మారాయి. 2023 ఏప్రిల్ నుంచి నికర గెలుపు మీద 30 శాతం టీడీఎస్. అదే ఏడాది అక్టోబర్ 1 నుంచి రేక్ మీద కాకుండా వేసిన డిపాజిట్ మొత్తం మీద 28 శాతం జీఎస్టీ. ₹1,000 వేస్తే దాదాపు ₹219 పన్నుకే. సైట్లు ఆ తేడాని బోనస్ రూపంలో పూడ్చి, ఆటగాడికి నొప్పి తెలియకుండా చూశాయి. హైదరాబాద్ కంపెనీ హెడ్ డిజిటల్ వర్క్స్, అదే ఏ23 వాళ్లు, 2025 చట్టాన్ని కర్ణాటక హైకోర్టులో సవాలు చేశారు. ఇలాంటి కేసులన్నిటినీ సుప్రీంకోర్టు సెప్టెంబర్‌లో తన దగ్గరికి తెప్పించుకుంది.

నా భయం దేశంలోని పెద్ద యాప్‌ల గురించి కాదు ఇప్పుడు. టెలిగ్రామ్‌లో లింక్ పంపి, ఏపీకే ఫైల్ ఇన్‌స్టాల్ చేయించి, ఎవరో ఏజెంట్ యూపీఐకి డబ్బు వేయించుకునే క్లబ్ తరహా యాప్‌ల గురించి. అక్కడ కొర్రమీనుని ఆపేవాడు కాదు కదా, ముక్కలు నిజంగా కలుపుతున్నారా అని అడిగే దిక్కు కూడా ఉండదు. ఎదురుగా ఉన్నది మనిషో ప్రోగ్రామో తెలీదు. కార్నెగీ మెలన్, ఫేస్‌బుక్ పరిశోధకులు తయారుచేసిన ప్లూరిబస్ అనే ప్రోగ్రామ్ ఆరుగురి టేబుల్‌లో టాప్ ప్రొఫెషనల్స్‌ని 2019లోనే ఓడించింది. గెలిచినా డబ్బు వస్తుందనే నమ్మకమూ లేదు. లైసెన్స్ ఉన్న ఫుల్ టిల్ట్ లాంటి కంపెనీయే 2011లో అమెరికా దాన్ని మూయించినప్పుడు ఆటగాళ్ల డబ్బు వెనక్కి ఇవ్వలేక చేతులెత్తేసింది. ఏపీకేకి ఎస్సెమ్మెస్, యాక్సెసిబిలిటీ పర్మిషన్లు అడిగితే అక్కడితో ఆగిపోండి. అప్పటికే డబ్బు పోయి ఉంటే 1930కి వెంటనే ఫోన్ చేయండి. ఆట మానలేకపోతున్న మనిషి ఇంట్లో ఉంటే టెలిమానస్ 14416 ఉంది, తెలుగులో మాట్లాడతారు.

బావ ఫోన్ ఫార్మాట్ కొట్టే ముందు ఒకసారి అడిగాను, "ఆ మెసేజ్‌లు ఉంచమంటావా, తీసెయ్యమంటావా?" అని. కాసేపు ఆలోచించాడు. "మెసేజ్‌లు తీసెయ్. ఆ మొత్తం ఎంతో ఒక కాయితం మీద రాసియ్యి" అన్నాడు. రాసిచ్చాను. మడతపెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. అక్కకి చూపించాడో లేదో నేను అడగలేదు.

ఎక్స్‌చేంజ్‌లో ఆ ఫోన్‌కి ₹1,400 వచ్చింది.